కణితి జన్యు రిపోర్టు నుంచి క్లినికల్ ట్రయల్ దాకా: ఏ సాధనాన్ని ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో మాలిక్యులర్ ట్యూమర్ బోర్డుకు, అంటే కణితి జన్యు ఫలితాలను చూసి చికిత్స గురించి చర్చించే వైద్యుల బృందానికి, సమాచారం సిద్ధం చేసే బాధ్యత మీకు కొత్తగా వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ ఉన్న ఒక రోగి రిపోర్టులో బీరాఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మ్యుటేషన్ (జన్యు మార్పు) కనిపించింది. ఒక డేటాబేస్‌లో దీనికి మందు ఉందని, మరొక దానిలో అదే కుటుంబానికి చెందిన మందు పనిచేయదని ఉంది. రెండింటిలో దేనిని నమ్మాలి, ఈ రోగికి సరిపడే ట్రయల్‌ను వెతికే పనిని సాఫ్ట్‌వేర్‌కే వదిలేయవచ్చా అన్నవి మీ సందేహాలు. పన్నెండేళ్లుగా నా పని ఇదే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మీ రెండు డేటాబేస్‌లు నిజానికి ఒకదానినొకటి ఖండించుకోవడం లేదు. వెమురాఫెనిబ్ అనే బీరాఫ్ నిరోధకాన్ని మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో అనుమతించింది. ఆ అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో ఆ మందు తీసుకున్న వారిలో దాదాపు 48 శాతం మందికి కణితి గణనీయంగా తగ్గింది. అదే మ్యుటేషన్ ఉన్న పెద్దపేగు క్యాన్సర్ రోగులు 21 మందికి అదే మందును ఒంటరిగా ఇచ్చి చూసినప్పుడు, అలాంటి స్పందన ఒక్కరిలోనే నిర్ధారణ అయింది. దీనికి కారణాన్ని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెనే బెర్నార్డ్స్ బృందం 2012లో చూపించింది. పెద్దపేగు కణాల్లో బీరాఫ్‌ను అడ్డుకోగానే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం మీద ఉన్న అదుపు తొలగిపోతుంది, ఆ గ్రాహకం మరో దారిలో అదే పెరుగుదల సంకేతాన్ని తిరిగి నడిపిస్తుంది. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ఆర్ చాలా తక్కువగా ఉండటం వల్ల అక్కడ ఈ ఇబ్బంది ఎదురుకాదు. ఈ అవగాహన నుంచే రెండు దారులనూ ఒకేసారి మూసే చికిత్స వచ్చింది. అంతకుముందు చికిత్స తీసుకున్న పెద్దపేగు క్యాన్సర్ రోగులకు బీరాఫ్ నిరోధకమైన ఎన్‌కోరాఫెనిబ్‌ను, ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్‌తో కలిపి ఇవ్వడానికి 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. వీటికి కీమోథెరపీని జోడించి మొదటి చికిత్సగానే ఇవ్వడానికి 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది.

అందువల్ల మ్యుటేషన్ పేరును మాత్రమే వెతుకు పెట్టెలో వేసి, వచ్చిన మొదటి వరుసను రిపోర్టులోకి ఎక్కించడం ఈ రంగంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు అని నా అభిప్రాయం. ఏ మ్యుటేషన్, ఏ క్యాన్సర్, ఏ మందు, ఎలాంటి ఆధారం అనే నాలుగూ ఒకే వాక్యంలో కలిసి ఉన్నప్పుడే దానికి వైద్యపరమైన అర్థం ఉంటుంది. ఆ నాలుగింటిని విడదీయకుండా ట్యూమర్ బోర్డు బల్ల మీదకు చేర్చడమే మీ పని. సాధనాలను కూడా ఈ కొలతతోనే ఎంచుకోండి.

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రూపొందిన సివిక్ అనే డేటాబేస్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అందులోని ఒక్కో నమోదు ఒక్కో పరిశోధనా పత్రం నుంచి తీసిన ఒక్కో వాక్యం. ఏ వేరియంట్ (జన్యు మార్పు), ఏ జబ్బు, ఏ మందు, ఆ మందుకు కణితి లొంగుతుందా లేక నిరోధం చూపుతుందా, ఆ పత్రం ఆ మాటను సమర్థిస్తుందా లేక కాదంటుందా అన్నవన్నీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఆధారం బలాన్ని బట్టి ఏ (A) నుంచి ఈ (E) వరకు అక్షరాలతో స్థాయి ఇస్తారు. ఏ అంటే వైద్యంలో స్థిరపడినది, బీ అంటే ట్రయల్స్ వంటి వైద్య ఆధారం, సీ అంటే విడి రోగుల అనుభవం, డీ అంటే ప్రయోగశాల ఆధారం, ఈ అంటే ఊహించి చెప్పినది. నమోదులను ఎవరైనా ప్రతిపాదించవచ్చు, సంపాదకులు పరిశీలించాకే ఆమోదిస్తారు. సమాచారం మొత్తం ఉచితం, ఎవరైనా ఏ అవసరానికైనా వాడుకోవచ్చు. దీని బలహీనత కూడా ఈ ఏర్పాటులోనే ఉంది. స్వచ్ఛందంగా రాసేవారి ఆసక్తి ఎటు ఉంటే అటే సమాచారం చిక్కగా ఉంటుంది, అరుదైన క్యాన్సర్ల దగ్గరకు వచ్చేసరికి పలుచబడుతుంది.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ నడిపే ఆంకోకేబీ అనే డేటాబేస్ మరో పద్ధతిలో సాగుతుంది. అక్కడ ఒక స్థిరమైన బృందం సాహిత్యాన్ని చదివి, ప్రతి మ్యుటేషన్, క్యాన్సర్ జంటకు ఒక స్థాయి ప్రకటిస్తుంది. ఒకటి నుంచి నాలుగు వరకు ఉన్నవి మందుకు అనుకూల స్థాయిలు, ఆర్1, ఆర్2 అనేవి నిరోధాన్ని చెప్పేవి. 2021లో ఎఫ్‌డీఏ ఈ డేటాబేస్‌లోని కొంత భాగానికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. రోగుల రిపోర్టుల్లో వాడాలంటే లైసెన్సు తీసుకోవాలి, కనుక మీ ఆసుపత్రి యాజమాన్యంతో ఆ విషయం ముందే మాట్లాడుకోండి. ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆంకోకేబీలో మొదటి స్థాయి అంటే అమెరికాలో ఆ క్యాన్సర్‌కు ఆ మందు అనుమతి పొందిందని అర్థం. మన దేశంలో అనుమతి ఇచ్చేది కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అయిన సీడీఎస్‌సీఓ. ఆ మందు ఇక్కడ అనుమతి పొందిందా, మీ ఫార్మసీకి దొరుకుతుందా, రోగి కుటుంబం దాని ఖర్చు భరించగలదా అన్న ప్రశ్నలకు ఆ స్థాయిలో జవాబు ఉండదు. మొదటి స్థాయి అనే మాట రిపోర్టులో చూసి ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిన కుటుంబాలను నేను చూశాను. అందుకే ఆ అంకె పక్కన దాని అర్థాన్ని ఒక వాక్యంలో రాయకుండా నేను ఏ రిపోర్టునూ పంపను.

నా పద్ధతి ఇది. ఆంకోకేబీ స్థాయిని బోర్డు ముందు పెడతాను, దాని వెనుక ఉన్న పత్రాలను సివిక్ నమోదుల సాయంతో నేనే తెరిచి చదువుతాను, తుది వర్గీకరణను 2017లో ఏఎంపీ, ఆస్కో, సీఏపీ అనే మూడు అమెరికన్ వృత్తి సంఘాలు కలిసి ఇచ్చిన నాలుగు అంచెల పద్ధతిలో రాస్తాను. యూరప్‌లో ఎస్మో సంస్థ ఎస్కాట్ అనే మరో కొలమానాన్ని వాడుతుంది. మీ బోర్డు ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడితే చాలు.

అయితే ఈ డేటాబేస్‌ల దగ్గరకు రాకముందే తప్పు జరిగిపోయే చోటు ఒకటి ఉంది. దాని గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. డీఎన్ఏలో ముందు పోగు, దానికి ఎదురుగా వ్యతిరేక పోగు అని రెండు ఉంటాయి. బీరాఫ్ జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద వ్యతిరేక పోగులో ఉంటుంది. వీ600ఈ అంటే ప్రోటీన్‌లో 600వ స్థానంలోని వేలిన్ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం రావడం. జన్యు సంకేతంలో 1799వ అక్షరం టీ (T) నుంచి ఏ (A)కు మారడం వల్ల జీటీజీ కాస్తా జీఏజీ అవుతుంది. కానీ మార్పుల జాబితాగా వచ్చే వీసీఎఫ్ ఫైలులో అదే మార్పు ఏ (A) నుంచి టీ (T)గా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఫైలు ఎప్పుడూ ముందు పోగునే చదువుతుంది, అక్కడ టీకి జోడీగా ఏ, ఏకు జోడీగా టీ ఉంటాయి. కొత్తగా చేరిన వారు ఇది చూసి ఇది వేరే మార్పు అని పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి.

స్థానం అంకె కూడా అంతే. జీఆర్‌సీహెచ్37 అనే పాత జినోమ్ పటంలో ఈ మార్పు 140453136వ స్థానంలో ఉంటుంది, జీఆర్‌సీహెచ్38 అనే కొత్త పటంలో 140753336వ స్థానంలో ఉంటుంది. ఒకసారి ఒక ప్రయోగశాల పంపిన ఫైలులో ఏ పటం వాడారో ఎక్కడా రాయలేదు. మా సహోద్యోగి కొత్త పటంలో ఆ అంకెను వెతికి, అక్కడ తెలిసిన మ్యుటేషన్ ఏదీ లేదని నమోదు చేశారు. రిపోర్టు సంతకానికి వెళ్లేముందు సరిచూసుకున్నాం కాబట్టి బయటపడ్డాం. అప్పటి నుంచి ఏ ఫైలు వచ్చినా, అందులోని బాగా తెలిసిన ఒక స్థానాన్ని ముందుగా రెండు పటాల్లోనూ సరిచూసిన తరువాతే మిగతా పని మొదలుపెడుతున్నాను.

ఇంతకంటే సున్నితమైనది వీ600కే. అందులో పక్కపక్కనే ఉన్న రెండు అక్షరాలు ఒకేసారి మారి జీటీజీ కాస్తా ఏఏజీ అవుతుంది. వేరియంట్లను గుర్తించే కొన్ని ప్రోగ్రాములు ఈ రెండు మార్పులను రెండు వేర్వేరు వరుసలుగా రాస్తాయి. అప్పుడు అర్థాన్ని జోడించే సాధనం ఒక వరుసకు వీ600ఎం అని, మరో వరుసకు వీ600ఈ అని పేరు పెడుతుంది. రోగిలో ఆ రెండూ లేవు, ఉన్నది వీ600కే ఒక్కటే. ఇది పేరు దగ్గర ఆగే తేడా కాదు, కొన్ని అనుమతులు వీ600ఈకే పరిమితం. క్యాన్సర్ ఏ అవయవానిదన్న దానితో సంబంధం లేకుండా డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటకు 2022 జూన్‌లో ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతి వీ600ఈకే వర్తిస్తుంది, పైగా పెద్దపేగు క్యాన్సర్‌ను అందులో నుంచి ప్రత్యేకంగా మినహాయించారు. ఇలాంటప్పుడు సీక్వెన్స్ సమాచారాన్ని తెర మీద చూపే ఐజీవీ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ స్థానాన్ని కళ్లతో చూడటమే మార్గం. రెండు మార్పులూ ఒకే రీడ్‌ల (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కల) మీద కలిసి కనిపిస్తే అవి ఒకే మార్పు. వైద్య నిర్ణయానికి దారితీసే ప్రతి మ్యుటేషన్‌ను ఇలా చూడటానికి నాకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. పని ఎంత ఒత్తిడిగా ఉన్నా ఈ అలవాటును మాత్రం మానుకోకండి.

మన రోగులకు ప్రత్యేకంగా వర్తించే మరో విషయం ఉంది. ఖర్చు తగ్గించడానికి చాలాచోట్ల కణితి నమూనాను మాత్రమే సీక్వెన్స్ చేస్తారు, అదే రోగి రక్తాన్ని పోలికకు తీసుకోరు. అప్పుడు కనిపించిన మార్పు క్యాన్సర్‌లో కొత్తగా పుట్టిందా లేక ఆ మనిషికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన మామూలు తేడానా అని తేల్చడానికి జనాభా డేటాబేస్‌లే దిక్కు. చాలా ఏళ్లు అందరూ వాడుతూ వచ్చిన నోమాడ్ అనే జనాభా డేటాబేస్ రెండో సంచికలో మొత్తం 1,41,456 మంది ఉంటే అందులో దక్షిణాసియా వారు 15,308 మంది. మనలో కొన్ని సమాజాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, ఒక సమాజంలో సాధారణంగా ఉండే తేడా ఆ డేటాబేస్‌లో అసలు కనిపించకపోవచ్చు. జల్లెడలో నుంచి తప్పించుకున్న అలాంటి తేడాలన్నీ కణితి మ్యుటేషన్లుగా లెక్కలోకి వస్తాయి. దాని ప్రభావం మ్యుటేషన్ భారం, అంటే కణితి డీఎన్ఏలో ఎన్ని మ్యుటేషన్లు ఉన్నాయన్న లెక్క, మీద సూటిగా పడుతుంది. పది లక్షల అక్షరాలకు 10 లేదా అంతకంటే ఎక్కువ మ్యుటేషన్లు ఉన్న కణితులకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును ఎఫ్‌డీఏ 2020 జూన్‌లో అనుమతించింది కాబట్టి, నిజానికి 7 ఉన్న రోగికి 11 అని రాస్తే ఆ రోగికి ప్రయోజనం లేని ఖరీదైన మందును సూచించినట్టే అవుతుంది.

అందువల్ల రక్త నమూనాతో పోలిక లేని రిపోర్టులో మ్యుటేషన్ భారం హద్దుకు దగ్గరగా ఉంటే దానిని నేను నిర్ణయానికి ఆధారంగా తీసుకోను. టాటా మెమోరియల్ సెంటర్ పరిశోధకులు 2016లో వెలువరించిన టీఎంసీ ఎస్ఎన్‌పీ డేటాబేస్, సీఎస్ఐఆర్ వారి ఇండిజెన్, ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ సమాచార కేంద్రంలో భద్రపరిచిన జినోమ్ ఇండియా ప్రాజెక్టు సమాచారం వంటివి ఈ లోటును కొంత పూరిస్తాయి. వాటిని మీ జల్లెడలో చేర్చుకోండి. వీలైన ప్రతిచోటా పోలిక కోసం రక్తం తీసుకోమని మీ వైద్యులను ఒప్పించడం అంతకంటే మేలు.

ఇక ట్రయల్స్ సంగతి. మొత్తంగా యంత్రానికి వదిలేయకూడదు, కానీ యంత్రం లేకుండా చేయడం కూడా సాధ్యం కాదు. దీని పరిమాణం తెలుసుకోవడానికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2015 ఆగస్టులో ప్రారంభించిన ఎన్‌సీఐ మ్యాచ్ ట్రయల్‌ను గమనించండి. దాదాపు 6,000 మంది రోగుల కణితులను పరీక్షించి, మ్యుటేషన్‌ను బట్టి వేర్వేరు మందుల విభాగాలకు పంపే పనిని మ్యాచ్‌బాక్స్ అనే నియమాల ఆధారిత సాఫ్ట్‌వేర్‌తో చేశారు. మందుకు దారితీయగల మార్పు 37.6 శాతం మందిలో కనిపించింది. మినహాయింపు నియమాలన్నీ వర్తింపజేశాక ఏదో ఒక విభాగానికి కేటాయించగలిగింది 17.8 శాతం మందిని. అంటే జన్యుపరంగా సరిపోయిన వారిలో సగానికి పైగా ఇతర కారణాలతో ఆగిపోయారు. ట్రయల్ జతపరచడంలో కష్టమంతా ఈ రెండో మెట్టు దగ్గరే ఉంది.

బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించి ఉచితంగా విడుదల చేసిన మ్యాచ్‌మైనర్ ఈ పనికి నేను చూసిన వాటిలో బాగా ఆలోచించి కట్టిన సాధనం. అందులో ప్రతి ట్రయల్ అర్హత నియమాలను ఒక నిర్దిష్ట రూపంలో మనిషి కూర్చుని రాస్తారు. జబ్బు పేర్లకు ఆంకోట్రీ అనే వర్గీకరణను వాడుతుంది, అది చెట్టులా కొమ్మలుగా విడిపోతుంది. ట్రయల్‌ను పైకొమ్మ దగ్గర నమోదు చేస్తే దాని కింద ఉన్న రకాలన్నిటికీ వర్తిస్తుంది. కానీ రోగి జబ్బునే పైకొమ్మ దగ్గర, అస్పష్టంగా నమోదు చేస్తే, కింది కొమ్మకు పరిమితమైన ట్రయల్ ఆ రోగికి ఎన్నటికీ కనిపించదు. పాథాలజీ రిపోర్టులో ఉన్నంత వివరంగా జబ్బు పేరు నమోదు చేయించడం చిన్న పనిగా కనిపిస్తుంది, కానీ జతలు కలిసేదీ తప్పిపోయేదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నియమాలు రాసేటప్పుడు భాష మీద చాలా శ్రద్ధ కావాలి. ట్రయల్ పత్రంలో బీరాఫ్ మ్యుటేషన్ ఉండాలి అని మాత్రమే ఉంటే అది 600వ స్థానానికి పరిమితమా, డీ594జీ వంటి మార్పులను కూడా కలుపుకుంటుందా అని ట్రయల్ నిర్వాహకులనే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే డీ594జీలో ఆ ఎంజైమ్ శక్తి తగ్గిపోతుంది, దాని నడక పూర్తిగా వేరు. మ్యుటేషన్ ఉండకూడదు అనే నియమాలు ఇంకా ప్రమాదకరం. కేరాస్ అనే జన్యువులో మ్యుటేషన్ లేదు అన్న మాటకు పరీక్షించి చూస్తే లేదు అని ఒక అర్థం, ఆ భాగాన్ని అసలు పరీక్షించలేదు అని మరో అర్థం. పాత పరీక్షలు కేరాస్‌లో 12, 13 స్థానాలు ఉన్న రెండో ఎగ్జాన్‌ను (జన్యువులో ఒక భాగాన్ని) మాత్రమే చూసేవి. సెటుక్సిమాబ్ ఇవ్వాలంటే కేరాస్, ఎన్‌రాస్ రెండింటిలోనూ రెండు, మూడు, నాలుగు ఎగ్జాన్లు శుభ్రంగా ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఈ గడికి ఉంది, లేదు అనే రెండు విలువలు మాత్రమే పెడితే పరీక్షించనిది కూడా లేనిదిగా మారిపోతుంది. తెలియదు అనే మూడో విలువ తప్పనిసరిగా పెట్టండి. ప్యానెల్, అంటే ఆ జన్యు పరీక్ష, ఏయే భాగాలను చదివిందో చెప్పే ఫైలును ప్రయోగశాల నుంచి అడిగి తీసుకోండి.

మన దేశంలో సీటీఆర్ఐ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి ట్రయల్స్ నమోదు తప్పనిసరి అయింది. అందులో అర్హత నియమాలు మామూలు వాక్యాల్లోనే ఉంటాయి, జన్యు మార్పులకు ప్రత్యేకమైన గడి లేదు. రిజిస్ట్రీలో చేర్చుకుంటున్నారు అని ఉన్నా, మీకు దగ్గరలోని కేంద్రంలో చోటు ఉందో లేదో ఫోన్ చేస్తేనే తెలుస్తుంది. అమెరికా రిజిస్ట్రీని కూడా వెతకండి, అక్కడ నమోదైన అంతర్జాతీయ ట్రయల్స్‌లో కొన్నింటికి భారతీయ కేంద్రాలు ఉంటాయి. ఈ వాక్యాలను చదవడానికి పెద్ద భాషా నమూనాల సాయం ఇప్పుడు దొరుకుతోంది, నేనూ వాడుతున్నాను. అయితే ఏ నియమానికి ఏ తీర్పు చెప్పినా, అది రోగి రికార్డులోని ఏ వాక్యం ఆధారంగా చెప్పిందో అదే వాక్యాన్ని ఎత్తి చూపించమని అడుగుతాను, చూపించలేని తీర్పును లెక్కలోకి తీసుకోను. రోగి పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు ఉన్న రికార్డును బయటి సర్వర్‌కు పంపకూడదని మీకు వేరే చెప్పనవసరం లేదనుకుంటాను.

ప్రతి రిపోర్టులో ఏ డేటాబేస్‌ను ఏ తేదీన చూశారో రాయండి. మీ రోగి మ్యుటేషన్‌కే 2019లో ఒక జవాబు, 2020 మే నెలలో మరో జవాబు, 2025లో ఇంకో జవాబు వచ్చేవి. తేదీ లేని రిపోర్టును ఏడాది తరువాత ఎవరు తిరిగి తీసినా అది తప్పుదారి పట్టిస్తుంది.

మీ రోగి విషయానికి వస్తే, బీరాఫ్ గురించి మరింత వెతికే ముందు అదే రిపోర్టులో మైక్రోశాటిలైట్ అస్థిరత (డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను కణం సరిదిద్దుకోలేని స్థితి) ఫలితం ఉందేమో చూడండి. లేకపోతే అదే కణితి ముక్క మీద ఆ తప్పులను సరిదిద్దే మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్ల కోసం ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే రంగు పరీక్ష చేయించమని ఈ రోజే అడగండి, అది ఏ పెద్ద పాథాలజీ విభాగంలోనైనా అయ్యే పని. పెద్దపేగు క్యాన్సర్‌లో బీరాఫ్ వీ600ఈ ఉన్నవారిలో చెప్పుకోదగ్గ భాగానికి వాటిలో ఒకదాన్ని తయారుచేసే ఎంఎల్‌హెచ్1 జన్యువు మిథైలేషన్ అనే రసాయన మార్పు వల్ల మూతపడి ఈ అస్థిరత కూడా ఉంటుంది. అది ఉండి, జబ్బు ఇతర అవయవాలకు పాకి ఉంటే, మొదటి చికిత్సగా పెంబ్రోలిజుమాబ్‌కు 2020 జూన్ నుంచి ఎఫ్‌డీఏ అనుమతి ఉంది, అప్పుడు బోర్డు ముందున్న ప్రశ్నే మారిపోతుంది. ఆ ఫలితం చేతికి వచ్చాక, రోగి ఇప్పటివరకు తీసుకున్న చికిత్సల వరుస, ప్యానెల్ ఫైలు కలిపి, పేరు, నంబర్లు తీసేసి ఇక్కడ రాయండి. ఏ ట్రయల్ నియమాలకు సరిపోతుందో ఒక్కొక్కటిగా కలిసి చూద్దాం.